ప్రోస్టేటు గ్రంథి పెరుగుదల – దాంపత్య జీవనము

బస్తరు సీమ దక్షిణపు కొనను, శబరీ నది యొడ్డుననున్న కొంట నుండి సుక్మాకు పోవు బాటపై ఎర్రబోరు గ్రామము గలదు. గోండి, దోర్లీ, తెలుగు, హిందీ మాటలు కలిసి వినవచ్చు ప్రాంతమది. ఎర్రబోరునందైనను, హైదరాబాదునందైనను, ఏ భాష మాటలాడువారైనను, వయసు మీరిన పురుషులు నోరు విప్పి చెప్పుకొనని బాధ యొకటి యున్నది. రాత్రి నాలుగైదు మారులు మూత్రమునకు లేవవలసి వచ్చును. ధార సన్నగిల్లును. ఎంతసేపు నిలుచున్నను లోపల ఇంకను మిగిలియున్నట్లే తోచును. "ముసలితనము గదా" యని సరిపెట్టుకొనువారు కొందరు. ఆస్పత్రికి పోయినచో ఆపరేషను చేయుదురనియు, దానితో మగతనము పోవుననియు భయపడి దాచుకొనువారు మరికొందరు. ఈ భయములో నిజము కొంత, పొరపాటు చాల గలవు. రెంటిని వేరుచేసి తెలిసికొనుట మేలు.

గ్రంథి స్వభావము

ప్రోస్టేటు పురుషులకు మాత్రమే యుండు గ్రంథి. మూత్రాశయమునకు క్రింద, మూత్రనాళము మొదటి భాగమును ఉంగరమువలె చుట్టుకొని యుండును. యౌవనమున దాని బరువు సుమారు 20 గ్రాములు, పెద్ద యుసిరికాయంత. వీర్యములో కొంత భాగము దీనినుండియే పుట్టును. వయస్సుతోపాటు, పురుష హార్మోను ప్రభావమున, ఇది మెల్లగా పెరుగును. 50, 60 ఏండ్ల నడుమ సుమారు సగము మందిలోను, 80 దాటినవారిలో పదింట ఎనిమిది మందికి పైగాను ఈ పెరుగుదల యుండును. మెత్తని గొట్టమును పిడికిట బిగించినట్లు, పెరిగిన గ్రంథి మూత్రనాళమును నొక్కును.

ఇది అంటువ్యాధి కాదు. కాన్సరు కాదు. పడుచుతనమున చేసిన తప్పులకు శిక్షయు కాదు. అయితే కాన్సరునందును ఇట్టి లక్షణములే కానరావచ్చును గనుక పరీక్ష తప్పనిసరి.

వ్యాధియే సుఖమునకు అడ్డు

చికిత్సయే దాంపత్య సుఖమును చెరచునని పలువురి నమ్మకము. చికిత్స లేని వ్యాధియు అంత పని చేయగలదు. అమెరికాలోను, ఆరు ఐరోపా దేశములలోను 50 నుండి 80 ఏండ్ల వయస్సుగల వేలకొలది పురుషులను విచారించి 2003లో ప్రకటించిన పరిశీలనలో, మూత్రబాధ ముదిరినకొలది అంగస్తంభనము, వీర్యస్ఖలనము తగ్గుచున్నవని తేలినది. నిద్రలేమి, దిగులు, సిగ్గు దీనికి తోడగును. మధుమేహము, రక్తపుపోటు గలవారికి ఇబ్బంది మరింత హెచ్చును. కావున మగతనమును కాపాడుకొనుటకై చికిత్స మానుకొనువాడు, దేనిని కాపాడదలచెనో దానినే పోగొట్టుకొనవచ్చును.

మందులు

బాధ స్వల్పమైనచో రాత్రివేళ నీరు, టీ, కాఫీ తగ్గించి, కొన్ని నెలలకొకమారు పరీక్ష చేయించుకొనిన చాలును. బాధ హెచ్చైనచో మందులు గలవు.

టామ్సులోసిన్ వంటివి గ్రంథి వద్ద కండరములను సడలించి, కొద్ది దినములలోనే ధారను బాగుచేయును. వీటివలన కొందరికి వీర్యము తక్కువగా వచ్చును, లేక బయటికి రాకపోవును. మందు మానినచో ఇది చాలవరకు సర్దుకొనును. పడకనుండి దిగ్గున లేచినచో తల తిరుగవచ్చును.

ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ అనునవి గ్రంథిని కుదించును. గుణము కనబడుటకు ఆరు నెలలు పట్టవచ్చును. ఇవి కొద్దిమందికి కోరికను, స్తంభనమును తగ్గించును. అట్లయినచో మందును దానంతట మానక వైద్యునికి చెప్పవలెను.

టడలాఫిల్ అను మందు మూత్రబాధకును, స్తంభన లోపమునకును కూడ పనిచేయును. కాని గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడువారు దీనిని ముట్టరాదు. రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగును.

ఆపరేషను

మందులకు లొంగనప్పుడు, మూత్రము కట్టుబడుచున్నప్పుడు ఆపరేషను అవసరమగును. నేడు చాలమందికి పొట్ట కోయరు. మూత్రమార్గమున సన్నని పరికరమును పంపి, అడ్డముగా పెరిగిన భాగమును లోపలి నుండి తొలగింతురు.

మామూలుగా స్ఖలన సమయమున మూత్రాశయపు ముఖము తలుపువలె మూసికొని, వీర్యము వెలుపలికి వచ్చును. ఆపరేషను పిమ్మట ఆ ముఖము చక్కగా మూసికొనదు. అందువలన పదిమందిలో ఆరేడుగురికి వీర్యము వెనుకకు మరలి మూత్రాశయము చేరి, తరువాత మూత్రముతో పోవును. ఇది చాలవరకు శాశ్వతము. కాని హానికరము కాదు. కోరిక మునుపటివలెనే యుండును. స్తంభనమునకు వలయు నరములు గ్రంథి వెలుపల నున్నవి గనుక అధికసంఖ్యాకులకు అదియు చెడదు. కొద్దిమందికి మాత్రము తగ్గవచ్చును. సంతానము కోరువారు ఈ సంగతిని ముందుగానే వైద్యునితో చెప్పవలెను. అట్లని దీనిని కుటుంబ నియంత్రణగా నమ్మరాదు. సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారముల పిమ్మట, వైద్యుని యనుమతితో, దాంపత్యము సాగింపవచ్చును. వీర్యస్ఖలనమును చాలవరకు నిలుపు క్రొత్త పద్ధతులు పెద్ద నగరములలో గలవు; అవి యందరికి తగినవి కావు.

ఆలస్యము – అపాయము

చిరకాలము దాచిన బాధ ఒకనాడు అకస్మాత్తుగా మూత్రమును బంధించును. ఇప్పసారా త్రాగినపుడు గాని, జలుబునకు అంగడిలో కొన్న మాత్రలు మ్రింగినపుడు గాని ఇట్లు జరుగవచ్చును. పొత్తికడుపు ఉబ్బి, నొప్పి భరింపరానిదగును. అప్పుడు నాటుమందులతో కాలము పుచ్చరాదు. ఆస్పత్రిలో రబ్బరు గొట్టము వేసినచో నిమిషములలో ఉపశమనము కలుగును. ఏండ్ల తరబడి మూత్రము నిలిచినచో మూత్రపిండములే చెడును.

సుక్మాలో జిల్లా ఆస్పత్రి, జగదల్‌పూరులో ప్రభుత్వ వైద్య కళాశాల, తెలంగాణ వైపున భద్రాచలములో ప్రభుత్వ ఆస్పత్రి గలవు. ముందు సమీపపు ఆస్పత్రిలో పరీక్ష చేయించుకొని, అవసరమైనచో మూత్రకోశ నిపుణుని వద్దకు చీటీ వ్రాయించుకొనవలెను.

అడుగవలసిన మాటలు

చికిత్సకు ఒప్పుకొనక ముందే వైద్యుని ఇట్లడుగుట మంచిది: ఈ మందు కోరికను తగ్గించునా? ఆపరేషను పిమ్మట వీర్యము వచ్చునా? స్తంభనము చెడు నవకాశ మెంత? వేరు మార్గమున్నదా? ఈ ప్రశ్నలలో సిగ్గుపడవలసినది లేదు. భార్యయు ప్రక్కనుండి వినుట మేలు. వీర్యము కానరాకున్న కారణము తెలిసినచో ఆమెకు అనుమానము కలుగదు, భర్తకు దిగులుండదు. ఇంటిలో పెద్దవాడు రాత్రి పదేపదే లేచుచున్నట్లు ముందుగా ఎరుగునది ఆమెయే. ఆ మాటను ఆమెయే మొదలుపెట్టి, ఆయనను ఆస్పత్రికి తోడ్కొని పోవచ్చును.