గుంటూరు గ్రహణంలో పుట్టిన సూర్యయంత్రం

1868 ఆగస్టు 18 ఉదయం కృష్ణా డెల్టా మీద చంద్రుడి నీడ పడింది. దాని వెడల్పు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. గుంటూరు, తెనాలి, అమృతలూరు, రేపల్లె, మచిలీపట్నం అన్నీ దాని దారిలోనివే. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో గ్రహణాన్ని పరిశీలించాడు. గుంటూరులో బ్రిటిష్ బృందంతో మేజర్ టెనంట్ ఉంటే, ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ కూడా అదే ఊళ్లో దూరదర్శినికి, వెలుగును పట్టకంతో రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్ బిగించుకుని కూర్చున్నాడు.

సంపూర్ణ గ్రహణం ఉన్నది ఆరు నిమిషాల లోపే. నల్లబడిన బింబం అంచున ఎర్రగా ఎగసిన ప్రామినెన్స్‌ల మీదికి జాన్సెన్ పరికరపు సన్నని చీలికను తిప్పాడు. లోపల రంగుల పట్టీకి బదులు విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడి వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడటానికి గ్రహణం అక్కర్లేదని అతనికి అక్కడికక్కడే తట్టింది. మధ్యాహ్నం మబ్బు పట్టడంతో మర్నాటి దాకా ఆగక తప్పలేదు. 19న మామూలు ఎండలోనే ఆ గీతలు దొరికాయి.

ఇందులో కిటుకు ఒక్కటే. పగటి ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకం దాన్ని ఎంత పొడవుగా పరిస్తే అంత పలచబడుతుంది. ప్రామినెన్స్ వెలుగు మాత్రం కొన్ని గీతల్లోనే ఉంటుంది కాబట్టి చెదరదు. రాశిలో కనపడని రాళ్లు, ధాన్యాన్ని కళ్లంలో పలచగా ఆరబోస్తే బయటపడవూ? అదే పని ఇక్కడ పట్టకం చేస్తుంది.

సెప్టెంబరు 4 దాకా జాన్సెన్ గుంటూరులోనే ఉండి, చీలికను అంచు వెంట జరుపుతూ ప్రామినెన్స్‌ల ఆకారాలను గీసుకున్నాడు. అవి రోజురోజుకీ మారిపోతున్నాయి. ఈ సంగతి కాకినాడ నుంచి ఉత్తరం రాసి పారిస్‌కు పంపాడు. ఇంగ్లండ్‌లో నార్మన్ లాకయర్ గ్రహణంతో పని లేకుండా ఇదే పద్ధతిని అక్టోబరులో సాధించాడు. ఇద్దరి లేఖలూ పారిస్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి. తర్వాత ఫ్రెంచ్ ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేయించింది.

ఈ స్పెక్ట్రోస్కోప్‌కో చిక్కుంది. చీలికలోంచి ఒకసారికి సూర్యుడి సన్నటి ముక్కే కనిపిస్తుంది. 1890ల మొదట్లో అమెరికాలో హేల్, ఫ్రాన్స్‌లో డెలాంద్ర్ దానికి రెండో చీలికను జోడించారు. మొదటిది బింబాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తడుముతుంటే, రెండోది ఒక్క రంగునే ఫొటో ప్లేటు మీదికి వదులుతుంది. అలా ఏకవర్ణంలో సూర్యుడి పూర్తి చిత్రం వస్తుంది. అదే స్పెక్ట్రోహీలియోగ్రాఫ్. కోడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి కాల్షియం కాంతిలో, 1912 నుంచి హైడ్రోజన్ ఎర్ర కాంతిలో ఈ చిత్రాలు తీశారు. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1960లో ఆ వేధశాల పగ్గాలు చేపట్టాడు.

ఎర్ర కాంతి చిత్రాల్లో బింబం మీద నల్లటి పొడవాటి దారాలు కనిపిస్తాయి. అవే ఫిలమెంట్లు. అంచున మెరిసే ప్రామినెన్స్, సూర్యుడి భ్రమణంతో బింబం ముందుకొస్తే నల్లటి ఫిలమెంట్ అవుతుంది. సూర్యుణ్ని చుట్టి ఉండే పది లక్షల డిగ్రీల కరోనాలో దాదాపు పదివేల డిగ్రీల చల్లని ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) ఇలా వారాల తరబడి వేలాడుతుంది. కిందకు పడకుండా దాన్ని మోసేది అయస్కాంత క్షేత్రం.

ఆ క్షేత్రాన్ని పేనేవి ఉపరితల ప్రవాహాలు. సూర్యుడు గట్టి గోళం కాదు. మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజుల్లో ఒక చుట్టు తిరిగితే, ధ్రువాల దగ్గర 30 రోజులు దాటుతుంది. ఈ తేడా బలరేఖలను ఏటవాలుగా సాగదీస్తుంది. సుమారు 30 వేల కిలోమీటర్ల వెడల్పున్న ప్లాస్మా గడులు పైకి ఉబికి, పక్కలకు పారుతూ బలరేఖలను తమ అంచులకు తోస్తాయి. ఉత్తర, దక్షిణ ధ్రువతలు కలిసే సరిహద్దులో వ్యతిరేక క్షేత్రాలు ఎదురెదురై రద్దవుతాయి. మిగిలిన రేఖలు కలిసి సరిహద్దు వెంట పొడవాటి మెలికలవుతాయి. వాటి పల్లాల్లో ప్లాస్మా నిలుస్తుంది. ఫిలమెంట్లు ఎప్పుడూ ఈ సరిహద్దుల మీదే ఉండటానికి కారణం ఇదే.

ప్రవాహాల వేగం తెలిసిందీ స్పెక్ట్రోస్కోప్ చూపే గీతల వల్లే. వాయువు మనవైపు వస్తే గీత నీలం వైపు, దూరమైతే ఎరుపు వైపు జరుగుతుంది. 1909లో కోడైకెనాల్‌లో ఎవర్షెడ్ సూర్యమచ్చల నుంచి వెలుపలికి పారే వాయువును ఇలాగే పట్టుకున్నాడు.

గ్రహణం ఫిలమెంట్ రూపాన్ని చూపగలదు కానీ పుట్టుకను చూపలేదు. ప్రవాహాలు దాన్ని పేనడానికి రోజులు పడుతుంది. తెగి ఎగిరితే మాత్రం ఆ ప్లాస్మా రెండు మూడు రోజుల్లో భూమిని తాకి ఉపగ్రహాలను, విద్యుత్ గ్రిడ్లను ఇబ్బంది పెట్టగలదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 అంతరిక్ష నౌక ఇప్పుడు రాత్రి లేని చోట నుంచి సూర్యుణ్ని చూస్తోంది. ఏ ఫిలమెంట్ ఎప్పుడు తెగుతుందో ముందే చెప్పగలగాలంటే, ఇలా రెప్పవాల్చకుండా కాపు కాయడమొక్కటే దారి.