పాత ఫోటోల వెనుక రాయని పేర్లు

తెలుగు ప్రాంతంలో ప్రొటెస్టెంటు క్రైస్తవం వేళ్లూనుకున్న కాలమూ, ఫోటోగ్రఫీ పుట్టి పెరిగిన కాలమూ దాదాపు ఒకటే. ఫోటో తీసే విధానం 1839లో పారిస్‌లో ప్రపంచానికి వెల్లడైతే, ఆ తరువాతి మూడేళ్లలోనే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీవారు, గుంటూరులో లూథరన్లు పని మొదలుపెట్టారు. అయినా తొలితరం విశ్వాసుల ముఖాలు నేటి తెలుగు క్రైస్తవుల ఇళ్లలో చాలా అరుదు. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో వేల సంఖ్యలో సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల కూలీలు, తోలు పనివారు కావడం వల్ల, పట్నం వెళ్లి స్టూడియోలో ఫోటో తీయించుకునే స్తోమత వారికి లేకపోయింది.

వారి ఫోటోలు తీసినవారు ఎక్కువగా మిషనరీలే. ఆ ఫోటోలు ఇక్కడి ఇళ్ల కోసం తీసినవి కావు. అమెరికాలో, ఇంగ్లండులో విరాళాలిచ్చేవారికి పత్రికల ద్వారానో, గాజు పలకపై ఉన్న చిత్రాన్ని దీపపు వెలుతురుతో గోడపై పెద్దదిగా చూపే మాయాదీపం ద్వారానో చూపడానికి తీసినవి. అందువల్ల వాటి కింద దొరగారి పేరు, దొరసానిగారి పేరు స్పష్టంగా ఉంటాయి గాని, పక్కనున్నవారు తరచుగా ‘ఉపదేశి’, ‘బడి పిల్లలు’, ‘బైబిలు స్త్రీ’ అన్న మాటలతోనే మిగిలిపోయారు. బైబిలు స్త్రీలంటే ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చదివి వినిపించి, అక్షరాలు కూడా నేర్పిన స్థానిక మహిళలు. సువార్తను గడప దాటించి లోపలికి తీసుకువెళ్లినవారి పేర్లే చరిత్రకు దక్కకపోవడం చిన్న లోపం కాదు.

మిషను బోర్డింగు స్కూళ్లలో చదివిన పిల్లలు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, పాస్టర్లుగా జీతాలు అందుకున్న తరువాత, ఇరవయ్యో శతాబ్దంలో కుటుంబ ఫోటోలు పెరిగాయి. కుర్చీలో పెద్దాయన, పక్కన ఆయన భార్య, చేతిలోనో బల్లపైనో బైబిలు ఉన్న ఆ చిత్రాలు విశ్వాసానికి గుర్తులన్నది నిజమే. ఊరి పెద్దకులాల ఎదుట కూర్చునే హక్కు లేనివారి బిడ్డలు నిటారుగా కుర్చీలో కూర్చోవడం కూడా వాటిలో అంతే ముఖ్యం. అయితే కుర్చీ, వెనుక తెర, ఒక్కోసారి చేతిలోని పుస్తకం కూడా స్టూడియోవే అయ్యే అవకాశం ఉంది గనుక, చిత్రాన్ని మాత్రమే చూసి ఒకరి భక్తిని అంచనా వేయడం తొందరపాటు.

బైబిలులో విశ్వాసపు వారసత్వం గురించి చెప్పిన చోట్ల పేర్లకు, ప్రశ్నలకు ప్రాధాన్యం ఉంది. తిమోతికి రాసిన రెండవ పత్రికలో పౌలు ఆ యువకుని విశ్వాసాన్ని అతని అవ్వ లోయి, తల్లి యూనీకే పేర్లు చెప్పి గుర్తుచేస్తాడు. యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయంలో యొర్దాను నది నుండి తెచ్చి నిలిపిన పన్నెండు రాళ్లు, పిల్లలు వాటి సంగతి అడిగినప్పుడు పెద్దలు చెప్పడానికే అక్కడున్నాయి. ఇంట్లోని పాత ఫోటో చేయగలిగింది కూడా ఇంతే: అది అడిగిస్తుంది, జవాబు మాత్రం మనుషులే చెప్పాలి. పటానికి దండ వేయవచ్చా లేదా అన్నదానిపై సంఘాలన్నిటిదీ ఒకే మాట కాదు గాని, జ్ఞాపకార్థ కూడికలో చనిపోయినవారి సాక్ష్యాన్ని, అంటే వారు విశ్వాసంలోకి వచ్చి నిలిచిన తీరును, చెప్పుకోవడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే.

ఆ చెప్పడంలో కష్టమైన సంగతులనూ వదలకూడదు. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి పని కల్పించారు. అన్నం కోసమే మతం మారారన్న నింద వస్తుందని ఆయన ఆ పనులు సాగుతుండగా బాప్తిస్మాలు ఆపి ఉంచిన సంగతి మనవలకు తెలిస్తే, పూర్వికుల నిర్ణయం వారికి ఎక్కువగా అర్థమవుతుంది.

ఎవరి కథ చెప్పాలో తేలాలంటే ముందు ఫోటో వయసు తెలియాలి; దానికి కాగితమే మొదటి ఆధారం. గుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితంపై ముద్రించి దళసరి అట్టకు అంటించిన, గోధుమ రంగు ఛాయగల ఫోటోలు సాధారణంగా పందొమ్మిదో శతాబ్దానివి. నల్లని భాగాల అంచుల్లో వెండి మెరుపు కనిపించే నలుపు తెలుపు ఫోటోలు ఎక్కువగా ఆ తరువాతివి. జిగురు పేజీలపై ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బములు ఫోటోలను పాడుచేస్తాయి గనుక మానుకోవాలి; అద్దానికి అంటుకుపోయినదాన్ని లాగకుండా, అద్దంతోనే స్కాన్ చేయించాలి. పేర్లను ఫోటో వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, అదిమిపెట్టకుండా రాయాలి. బాల్‌పెన్ను ముందువైపు గాడి పెడుతుంది.

బాప్తిస్మపు తేదీలకు సంఘపు రిజిస్టర్లు ఆధారం. మిషను ఫోటోల కోసం వెతికేవారికి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని చర్చి మిషనరీ సొసైటీ పత్రాలు, అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు చారిత్రక సంఘపు భాండాగారం ఉన్నాయి. వెతకవలసింది భాండాగారాల్లోనే కాదు, వలస వెళ్లిన కుటుంబాల్లో కూడా: 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడ చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి మధ్యకు పంపారు. ఇక్కడ పేరు తెలియని ముఖాన్ని నాటాల్‌లోని బంధువులెవరైనా గుర్తుపట్టవచ్చు.

పేర్లు రాసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. క్రైస్తవులైన దళితులను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉంచడం వల్ల, సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్లలో మరో పేరు ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ఫోటో వెనుక రెండు పేర్లూ ఉంటేనే మూడో తరానికి మనిషి చిక్కుతాడు. అదే ఫోటోను వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు మాత్రం ఏ పేరు రాయాలో బతికున్నవారిని అడిగి నిర్ణయించుకోవాలి.