చిల్లు లేని పంక్చర్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివాక మిగతావన్నీ పక్కన పెట్టేశాను. రాసినవారు రోజూ తెల్లవారుజామున గేర్ల సైకిల్ మీద దూరాలు వెళ్ళే పాఠకుడు. దారిలో ముల్లు దిగితే ట్యూబు మార్చి, పంపు కొట్టే ఓపిక లేక, వెంట ఉంచుకునే బొటనవేలంత కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో క్షణాల్లో టైరు నింపి ఇల్లు చేరారు. మరునాటికి టైరు మెత్తబడింది. ఇంకో రెండు రోజులకు రిమ్ము నేలకు ఆనింది. కొత్త ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి చూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. వాల్వు దగ్గర కూడా ఏమీ లేదు. ‘‘మరి లోపలిది ఎలా పోయింది?’’ అని అడిగారు.

పల్లేరు కాయ, తుమ్మ ముల్లు, గాజు పెంకు సంగతి అందరికీ తెలుసు. రిమ్ము టేపు పక్కకు జరిగి స్పోకు కొన ట్యూబును పొడవడం, టైరు లోపల ఇరుక్కున్న సన్నటి తీగ ముక్క ఎన్ని ప్యాచీలు వేసినా మళ్ళీ మళ్ళీ గుచ్చుకోవడం కాస్త అరుదు. ఏదైనా అవి చిల్లులే, తొట్టిలో ముంచితే దొరికిపోతాయి. ఈయన ట్యూబుకు చిల్లే లేదు. వాయువు రబ్బరులో కరిగి, రబ్బరు గుండానే బయటికి వెళ్ళిపోయింది.

ఇది చెబితే నమ్మనివాళ్ళు చాలామంది. కార్బన్ డయాక్సైడ్ అణువులో మూడు పరమాణువులున్నాయి, గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్ అణువులో రెండే. మూడున్నది ఇంకా నెమ్మదిగా కదా పోవాలి అని సైన్సు చదివినవాళ్ళే వాదిస్తారు. ట్యూబు గోడను వాళ్ళు జల్లెడ అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. రబ్బరులో స్థిరమైన రంధ్రాలు లేవు. ఉన్నవి పొడవాటి గొలుసుల్లాంటి అణువులు, ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మామూలు వేడికే క్షణం తీరిక లేకుండా మెలికలు తిరుగుతూ ఉంటాయి. లోపలి గోడను తాకిన వాయు అణువు మొదట చేసే పని ఆ రబ్బరులో కరగడం. గోలీ సోడా నీళ్ళలో గ్యాసు కరిగి ఉన్నట్టే, అక్షరాలా కరగడం. ఆ తర్వాత గొలుసులు కదిలినప్పుడల్లా ఏర్పడి మాయమయ్యే సందుల్లోకి ఎటుపడితే అటు గెంతుతుంది. లోపలి వైపు కరిగిన అణువులు ఎక్కువ, బయటి వైపు తక్కువ కాబట్టి ఈ గెంతులన్నీ కలిపి చూస్తే ప్రయాణం బయటికే. బయటి అంచుకు చేరిన అణువు రబ్బరును వదిలి గాలిలో కలుస్తుంది.

కాబట్టి ఎంత వాయువు పోతుందనేది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: రబ్బరులో ఎంత కరుగుతుంది, కరిగినది ఎంత వేగంగా కదులుతుంది. ఈ రెంటినీ గుణించాలి. 1946లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ అమెరాంగెన్ రకరకాల రబ్బర్లలో ఈ రెంటినీ విడివిడిగా కొలిచి ప్రచురించాడు. సహజ రబ్బరులో నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కదిలే వేగాలు దాదాపు సమానం! కానీ కరగడంలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 16 రెట్లు ఎక్కువ. తేడా అంతా ఇక్కడే వచ్చింది. అణువు సైజును పట్టుకుని వేలాడేవాళ్ళు లెక్కలో సగాన్ని చూడనే లేదు.

అంత ఎక్కువ ఎందుకు కరుగుతుంది? ద్రవంగా మారడానికి సులువుగా ఒప్పుకునే వాయువు, ఇంకో పదార్థంలో కరగడానికీ సులువుగానే ఒప్పుకుంటుంది. మామూలు పీడనం దగ్గర నైట్రోజన్‌ను ద్రవం చేయాలంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల చలి కావాలి. కార్బన్ డయాక్సైడ్‌కు అంత చలి అక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర 57 రెట్ల వాతావరణ పీడనంతో నొక్కితే చాలు, ద్రవమైపోతుంది. దాని అణువులు పక్కవాటిని అంత గట్టిగా ఆకర్షిస్తాయి, రబ్బరు గొలుసులను కూడా. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను బొటనవేలంత సిలిండర్‌లో ఇమిడ్చిన గుణమే దాన్ని ట్యూబులోంచి తప్పించింది. ఇంత అందమైన సంగతి ఒక సైకిల్ ట్యూబులో దాగి ఉండటం నాకు పండగలా ఉంది.

ఇది కొత్తగా తెలిసింది కూడా కాదు. ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కియర్స్‌లీ మిచెల్ 1831లోనే రబ్బరు బుడగలతో వాయువులను పరీక్షించి, కార్బన్ డయాక్సైడ్ చాలా తొందరగా వెళ్ళిపోతోందని, రబ్బరు ముక్క ఆ వాయువును పీల్చుకుంటోందని గమనించాడు. 1866లో థామస్ గ్రాహమ్ దానికి అంకెలు కట్టాడు. పాఠ్యపుస్తకాల్లో మనం చదివిన గ్రాహమ్ నియమం ఈయనదే: తేలికైన వాయువు వేగంగా వ్యాపిస్తుంది. ఆ నియమం ప్రకారం హైడ్రోజన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 4.7 రెట్లు వేగంగా పోవాలి. రబ్బరు పొర గుండా ఆయన కొలిచినప్పుడు నైట్రోజన్‌ను 1 అనుకుంటే ఆక్సిజన్ 2.556, హైడ్రోజన్ 5.5, కార్బన్ డయాక్సైడ్ 13.585. తన పేరుతో ఉన్న నియమం తల్లకిందులైనా గ్రాహమ్ కంగారు పడలేదు. రబ్బరు జల్లెడలా కాక ద్రవంలా పనిచేస్తోందని, వాయువు అందులో కలిసి అవతల మళ్ళీ ఆవిరవుతోందని సరిగ్గా పట్టుకున్నాడు. అదే పొర గుండా గాలిని లాగి ఆక్సిజన్ వాటాను దాదాపు రెట్టింపు చేశాడు. ఆ గాలి ఆరబోతున్న నిప్పుకణికను రాజేసింది. నూటయాభై ఏళ్ళు దాటినా మన బడి పుస్తకాలు నియమాన్ని చెప్పి ఈ సగం వదిలేయడం నాకు మింగుడుపడదు.

ఇప్పటి సైకిల్ ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరువి. 1937లో అమెరికాలో థామస్, స్పార్క్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని తయారు చేశారు. దాని గొలుసుల పొడవునా మిథైల్ గుంపులు కిక్కిరిసి ఉంటాయి గనుక లోపల కదలిక చాలా నెమ్మది. గాలి నింపిన ట్యూబు వారాల తరబడి నిలబడేది అందుకే. కానీ బ్యూటైల్ అడ్డుకునేది కదలికనే, కరగడాన్ని పెద్దగా ఆపదు. అందువల్ల ఇందులోనూ కార్బన్ డయాక్సైడ్ నైట్రోజన్ కంటే పది రెట్లకు పైగా తొందరపడుతుంది. పైగా మన ఎండలు! వేడి పెరిగేకొద్దీ గొలుసులు చురుగ్గా కదులుతాయి, సందులు ఎక్కువగా తెరుచుకుంటాయి. పందేలవాళ్ళు వాడే పల్చటి లేటెక్స్ ట్యూబు సహజ రబ్బరే కాబట్టి అందులో కార్బన్ డయాక్సైడ్ రోజులదాకా కూడా ఆగదు.

చూడాలనుకుంటే రెండు బెలూన్లు చాలు. సీసాలో వెనిగర్ పోసి, వంట సోడా వేసిన బెలూన్‌ను మూతికి తొడిగి, సోడా సీసాలోకి జారేలా ఎత్తండి. బెలూన్ ఉబ్బాక ముడి వేయండి. రెండోదాన్ని పంపుతో అంతే సైజుకు ఊదండి. మర్నాటికి మొదటిది ముడతలు పడుతుంది.

ఉత్తరం రాసిన పాఠకుడికి కావలసిన జవాబు ఒక్క వాక్యం: ఇల్లు చేరగానే కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా వదిలేసి పంపుతో గాలి కొట్టండి. ఆ ట్యూబును పారేయకండి, దానికి ఏమీ కాలేదు. ఇక బంకుల్లో డబ్బు తీసుకుని నింపే నైట్రోజన్ సంగతి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆక్సిజన్ రబ్బరు గుండా ముందుగా పోతుంది కాబట్టి, తగ్గినప్పుడల్లా గాలి కొట్టించుకుంటూ ఉంటే టైరులో నైట్రోజన్ వాటా దానంతట అదే పెరుగుతూ వస్తుంది, పైసా ఖర్చు లేకుండా.