కల్లు చలవేనా?

సామర్లకోట చుట్టుపక్కల ఎండాకాలం వచ్చిందంటే పెద్దలు అడుగుతుంటారు: "డాక్టరు గారూ, కల్లు చలవే కదండీ?"

నీరా వేరు, కల్లు వేరు. ముంతను వాసన చూడండి. లోపల సున్నం పూసిన కుండలో దిగిన నీరా తియ్యగా ఉంటుంది, మత్తుండదు. (మధుమేహం ఉన్నవారికి ఆ తీపీ పనికిరాదు.) సున్నం లేకపోతే కొద్ది గంటల్లోనే ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది, పొద్దెక్కేకొద్దీ పులుపు, ఘాటు. దాంట్లోకి ఎండుచేపల వేపుడు రుచే, కాదనను. రక్తపోటు ఉన్నవారికి ఆ ఉప్పే చేటు.

అసలు భయం మరొకటి. మధుమేహానికి మాత్రలు వేసుకొని పరగడుపున కల్లు తాగితే కొందరికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే "మత్తులే" అని పడుకోబెట్టకండి. స్పృహ ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించండి. లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.