రోడ్డు మందం ఎవరు కొలిచారు? ఫిల్మ్‌నగర్ నుంచి కృష్ణానగర్ దాకా ఒక బిల్లు కథ

పోయిన నెల మా నాన్న బండి మీద నుంచి పడ్డారు. ఊళ్ళో, మా ఇంటికి రెండు వీధుల అవతల. కొత్తగా వేసిన సిమెంట్ రోడ్డు, వేసి ఏడాది కూడా కాలేదు, మధ్యలో పలక విరిగి ఒక పక్కకి కుంగింది. రాత్రి పూట కనపడలేదు. మణికట్టు విరిగింది, అంతకంటే ఏం కాలేదు, దేవుడి దయ. నేను ఫోన్లో కోపంగా "ఎవరు వేశారు నాన్నా ఆ రోడ్డు?" అంటే, ఆయన "ఎవరో కాంట్రాక్టర్ రా, ఎవర్ని అడుగుతాం" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు. పిల్లాడు జవాబు రాస్తే "స్టెప్పులేవి?" అని అడిగే మనిషి. రోడ్డు విషయంలో మాత్రం స్టెప్పులు అడగొచ్చని ఆయనకే తట్టలేదు. (మా ఊరి పేరు చెప్పట్లేదు. చెప్తే ఏ ఆఫీసో తెలిసిపోతుంది, ఈ ఎపిసోడ్ దాని గురించి కాదు.)

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే మొదట చేసే పని గిట్ హిస్టరీ తెరవడం. ఈ లైన్ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు ఓకే చేశారు, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. రోడ్డుకి కూడా అలాంటిది ఒకటి ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ ఉంది. దాని పేరు మెజర్‌మెంట్ బుక్. ఆఫీసుల్లో ముద్దుగా ఎం-బుక్ అంటారు. దాని దగ్గరికి వెళ్ళేముందు మనం ఉండే చోటు చూద్దాం. నేను ఉండేది ఫిల్మ్‌నగర్ కింద, మీలో చాలామందికి ఈ ఏరియా సినిమాల్లో చూసే తెలుసు కాబట్టి చెప్పడం సులువు.

మొదటి చిక్కు పేర్లలోనే ఉంది. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ అసెంబ్లీ ఉపఎన్నిక జరిగింది గుర్తుందా? టీవీల్లో పెద్ద పెద్ద బంగళాలు చూపించారు. నిజానికి ఆ బంగళాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో లేదు, ఖైరతాబాద్‌లో ఉంది. ఫిల్మ్‌నగర్ బస్తీలు కూడా చాలామటుకు అటే. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అంటే బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట ఇలాంటివి. సినిమా వాళ్ళ జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, అసిస్టెంట్ డైరెక్టర్లు అద్దెకుండే కృష్ణానగర్ ఆ నియోజకవర్గంలోకి వస్తుంది. అంటే గుట్ట మీద వాళ్ళకి ఒక ఎమ్మెల్యే, గుట్ట కింద వాళ్ళకి ఇంకో ఎమ్మెల్యే. వాన నీళ్ళకి మాత్రం ఈ సరిహద్దు తెలీదు. పైన పడింది నేరుగా కృష్ణానగర్ గల్లీల్లోకే వస్తుంది. పెద్ద వానకి అక్కడ బైకులు కొట్టుకుపోయే వీడియోలు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం.

అసలు గల్లీ రోడ్డు ఎమ్మెల్యేది కాదు, కార్పొరేషన్‌ది. జీహెచ్ఎంసీ 2007 ఏప్రిల్‌లో, పాత ఎంసీహెచ్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, పంచాయతీలు కలిపితే వచ్చింది. 2020 డిసెంబర్‌లో 150 డివిజన్లకి ఎన్నికలు జరిగితే సగం మంది కూడా ఓటు వేయలేదు. రోడ్డు గురించి తిట్టేవాళ్ళు మాత్రం నూటికి నూరు శాతం ఉంటాం. నేను కూడా.

రెండో చిక్కు: రోడ్డు ఒకటే, బాధ్యులు చాలామంది. మెయిన్ రోడ్లలో 709 కిలోమీటర్లని 2020 ప్రాంతంలో సీఆర్ఎంపీ అనే పథకం కింద ఐదేళ్ళకి ప్రైవేట్ ఏజెన్సీలకి అప్పగించారు. మొత్తం 1,800 కోట్లకి పైమాట. ఆ ఐదేళ్ళూ గుంత పడితే ఏజెన్సీని అడగాల్సి వచ్చేది. గల్లీలోకి తిరిగితే కార్పొరేషన్ మెయింటెనెన్స్ ఇంజినీర్లని అడగాలి. ఫ్లైఓవర్ అయితే ప్రాజెక్ట్స్ విభాగం. మ్యాన్‌హోల్ అయితే వాటర్ బోర్డు. కేబుల్ కోసం తవ్వింది ఇంకెవరో. ఇంటి ముందు గుంత పడిన మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

పెద్ద పనులకి కాస్త నయం, ఎందుకంటే వాటి మీద అందరి కళ్ళూ ఉంటాయి. రోడ్ నంబర్ 45 నుంచి మాదాపూర్ వైపు వెళ్ళే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి 2020 సెప్టెంబర్ 25న మొదలైంది, ఖర్చు 184 కోట్లని అప్పుడే అందరికీ చెప్పారు. అది ఎస్ఆర్‌డీపీ అనే కార్యక్రమంలో భాగం. ఆ కార్యక్రమం కోసం జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది, తర్వాత ఇంకో రెండు విడతలు, మొత్తం 495 కోట్లు. ఆ వడ్డీ కట్టాల్సింది కార్పొరేషన్, అంటే చివరికి మన ఆస్తి పన్నుల్లాంటి డబ్బే. కేబీఆర్ పార్క్ చుట్టూ ఫ్లైఓవర్లు కడతామని 2016లో అంటే చెట్ల కోసం జనం రోడ్డెక్కారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది, ఆగింది. ఇప్పుడు మళ్ళీ హెచ్-సిటీ పేరుతో ఫిల్మ్‌నగర్, చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 45, క్యాన్సర్ హాస్పిటల్ లాంటి ఆరు జంక్షన్లకి 826 కోట్లు అనుకున్నారు. దీని మీద కోర్టులో వాదిస్తారు, పేపర్లో రాస్తారు, నాలాంటోళ్ళు వీడియోలు చేస్తారు. బస్తీలో ఇరవై లక్షల సిమెంట్ రోడ్డు మీద ఎవరూ చేయరు. అలాంటి చిన్న పనులు ఏడాదికి ఎన్ని జరుగుతాయో ఆలోచించండి. 150 డివిజన్ల జీహెచ్ఎంసీలో మొత్తం రోడ్లు దాదాపు 9 వేల కిలోమీటర్లు ఉండేవి, అందులో ఎక్కువ భాగం గల్లీలే.

సరే, ఒక గల్లీ రోడ్డు ఎలా పుడుతుందో చూద్దాం. కార్పొరేటరో కాలనీ వాళ్ళో అడుగుతారు. ఏఈ వచ్చి ఎస్టిమేట్ వేస్తాడు. రేట్లు ఆయన ఇష్టం కాదు, స్టాండర్డ్ రేట్ల పుస్తకం ఉంటుంది. మొత్తాన్ని బట్టి కమిషనర్, స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్, ప్రభుత్వం, ఎవరో ఒకరు మంజూరు చేస్తారు. తర్వాత ఆన్‌లైన్ టెండర్, తక్కువ కోట్ చేసినవాడికి పని. ఇక్కడ మనవాళ్ళ మాట ఒకటుంది, "లెస్". ఇరవై శాతం లెస్, ముప్పై శాతం లెస్ అంటారు. వినడానికి ప్రభుత్వానికి మిగులు లాగే ఉంటుంది. కానీ ఎస్టిమేట్ నిజాయితీగా వేసి ఉంటే, అందులో ముప్పై శాతం తగ్గించి కూడా లాభం ఎలా వస్తుంది? ఎస్టిమేట్ ఉబ్బించి వేసి ఉండాలి, లేదా పనిలో కోత పడాలి. ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు, నిబంధనలు రాసినవాళ్ళకీ వచ్చింది. అందుకే అంచనా కంటే 25 శాతానికి మించి తక్కువకి కోట్ చేస్తే, ఆ తేడాకి అదనంగా సెక్యూరిటీ కట్టాలనే షరతు మన టెండర్ నిబంధనల్లో చాలాకాలంగా ఉంది.

పనిలో కోత ఎక్కడ పడుతుంది? పొడవులో పడదు. టేప్ పట్టుకుంటే ఎవరైనా కొలుస్తారు. వెడల్పులోనూ కష్టమే. పడేది మందంలో. ఉదాహరణకి గల్లీ పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అనుకుందాం. వంద ఇంటూ మూడు ఇంటూ 0.15, అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీట్. అదే 12 సెంటీమీటర్లే పోస్తే 36. పైన చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. తొమ్మిది ఘనపు మీటర్లు, అంటే అయిదో వంతు కాంక్రీట్, అసలు రోడ్డు దగ్గరికే రాలేదు. ఆరు నెలల తర్వాత నీళ్ళ ట్యాంకర్ వస్తే పలక విరుగుతుంది, అప్పుడు "ట్యాంకర్ల వల్ల పాడైంది సార్" అంటారు. మూడు సెంటీమీటర్లంటే మీ చూపుడు వేలులో సగం కూడా కాదు.

ఈ మందం రాసేది ఎం-బుక్‌లో. పని జరుగుతున్నప్పుడు ఏఈ కొలతలు రాయాలి, పొడవు, వెడల్పు, లోతు. పై ఇంజినీర్ వచ్చి చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టాలి. పేజీలకి నంబర్లుంటాయి, చించకూడదు. తప్పు రాస్తే చెరిపేయకూడదు, గీత కొట్టి పక్కన సంతకం పెట్టి మళ్ళీ రాయాలి. మా భాషలో చెప్పాలంటే హిస్టరీ మార్చడం కుదరదు. ఈ పుస్తకం చూసే బిల్లు పాస్ అవుతుంది. అంటే రోడ్డు విరిగితే అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఈ పని ఎం-బుక్‌లో మందం ఎంత రాశారు, సంతకం ఎవరిది?"

గుట్ట మీద ఇంకో సంగతి ఉంది. తారు రోడ్డుకి పెద్ద శత్రువు లారీ కాదు, నీళ్ళు. నిలిచిన నీళ్ళు కంకరకీ తారుకీ మధ్య దూరి పట్టు వదిలిస్తాయి. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుపల్లాల్లో నీళ్ళు నిలవవు, పరిగెడతాయి. పక్కన వరద కాలవ సరిగ్గా లేకపోతే రోడ్డే కాలవ అవుతుంది. ఎస్టిమేట్‌లో రోడ్డుకి డబ్బుండి కాలవకి లేకపోతే, మందం ఎంత నిజాయితీగా వేసినా రెండు వానాకాలాలకి లేస్తుంది. కాబట్టి ప్రతి గుంత వెనకా దొంగ ఉన్నాడని నేను అనను. కొన్ని గుంతల వెనక చేతగాని ప్లానింగ్ ఉంటుంది. ఏది ఏదో తేల్చడానికి కూడా కాగితాలే కావాలి.

ఇంకో కాగితం అగ్రిమెంట్. అందులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది. మనం ఫోన్ కొంటే వారంటీ ఉన్నట్టు. ఆ గడువులో పాడైతే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. అందుకే అతని బిల్లుల్లో కొంత డబ్బు పట్టి ఉంచుతారు. ఎన్నాళ్ళు అనేది పనిని బట్టి మారుతుంది. గడువు అయిపోయాక ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. అసలు బాధ ఏంటంటే, వారంటీ ఉందని మనకి తెలీదు. గడువులోనే విరిగిన రోడ్డుకి మళ్ళీ కొత్త ఎస్టిమేట్, కొత్త టెండర్ పడితే, ఒకే రోడ్డుకి మనం రెండుసార్లు డబ్బు కట్టినట్టు.

ఇవన్నీ చూసే హక్కు మనకుందా? ఉంది. 2005 సమాచార హక్కు చట్టం. చాలామంది దీన్ని జిరాక్సులు అడిగే చట్టం అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. సెక్షన్ 2(జె) చదవండి. అందులో కాగితాలే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు ఉంది, వాడిన మెటీరియల్ శాంపిల్‌ని సర్టిఫై చేయించి తీసుకునే హక్కు కూడా ఉంది. అంటే మీ గల్లీ కాంక్రీట్ ముక్క అడగొచ్చు! ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఏమీ లేదు, మండలానికి 5 రూపాయలు, పై ఆఫీసులకి 10. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీల్, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకి 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. "రోడ్డు ఎందుకు బాగాలేదు?" అని మాత్రం రాయకండి. ఎందుకు అనే ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదని తిప్పి పంపుతారు. ఫలానా వీధిలో ఫలానా ఏడాది జరిగిన పనికి మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్ట్ కాపీలు ఇవ్వండి, ఒక రోజు పనిని తనిఖీ చేయనివ్వండి అని రాయండి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇంకోటి. మన పల్లెల్లో ఉపాధి హామీ పనికి సోషల్ ఆడిట్ ఉంది, 2005 నాటి చట్టంలోనే సెక్షన్ 17లో రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టింది, 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు, దేశమంతా వచ్చి చూసి నేర్చుకుంది. కూలీల ఇంటింటికీ వెళ్ళి మస్టర్‌లో ఉన్నది సరిపోల్చి, మట్టి పని జరిగిన చోట టేప్ పెట్టి కొలిచి, మండలంలో అందరి ముందు మైకులో చదువుతారు. అధికారి లేచి జవాబు చెప్పాలి. ఊళ్ళో చదువురాని అమ్మ తన చెరువు పూడికతీత లెక్క మైకులో అడగగలదు. బీటెక్ చదివి ఫిల్మ్‌నగర్‌లో ఉన్న నాకు మా గల్లీ లెక్క చదివి వినిపించే మైకు లేదు. వార్డ్ ఆఫీసులు 2023 జూన్‌లో పెట్టారు, మంచిదే. అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏడాదికోసారి అక్కడే కుర్చీలు వేసి, ఆ డివిజన్‌లో జరిగిన పనుల ఎం-బుక్ గట్టిగా చదివితే ఎంత ఖర్చవుతుంది? టెంటు, టీ.

మా నాన్న సంగతికి వస్తే, ఎడమ చేతికి కట్టుంది, కుడి చేయి బానే ఉంది. దరఖాస్తు ఆయనే రాశారు, నీటుగా, మార్జిన్ గీసి. నేను టైప్ చేసి పంపిస్తానంటే వద్దన్నారు. పోస్ట్ చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దేవుడి పటం వెనక పెట్టారు. పొద్దున వాకింగ్‌కి వెళ్ళినప్పుడు విరిగిన పలక అంచు దగ్గర స్కేల్ పెట్టి మందం కూడా కొలిచి డైరీలో రాసుకున్నారు. ఆ అంకె నాకు చెప్పారు, ఇక్కడ చెప్పను, ముందు ఎం-బుక్‌లో అంకె రానివ్వండి. ముప్పై రోజుల్లో ఇంకా పదకొండు రోజులున్నాయి.