మీకు తెలుసా? పార్వతీపురంలో ఒకప్పుడు ఇద్దరు ఎంపీలు!

దేశంలో తొలి రెండు సార్వత్రిక ఎన్నికల్లో, అంటే 1952లోనూ 1957లోనూ, కొన్ని లోక్‌సభ స్థానాల నుంచి ఇద్దరేసి ఎంపీలు గెలిచేవారు. నియోజకవర్గం ఒకటే, సీట్లు రెండు: ఒకటి జనరల్, రెండోది ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లుండేవి. రెండూ ఒకరికే వేయడం మాత్రం కుదరదు.

మన పార్వతీపురం అలాంటిదే. 1957లో అక్కడ పోటీ చేసినవారిలో వి.వి. గిరి ఒకరు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన నాయకుడు, తర్వాతి కాలంలో రాష్ట్రపతి. ఓట్లు లెక్కపెట్టి చూస్తే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే ఉన్నారు. ఎక్కువ ఓట్లొచ్చిన బి. సత్యనారాయణకు ఎస్టీ సీటు దక్కింది. మిగిలిన జనరల్ సీటు డిప్పల సూరి దొరది. ఆయన కన్నా గిరికి తక్కువైన ఓట్లు ఆరు వందల లోపే.

గిరి కోర్టుకెళ్లారు. రిజర్వు సీటు కోసం నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1959లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. జనరల్ సీటు అందరిదీ, అందులో గిరిజనుడూ ఉన్నాడని తేల్చింది. ఆ తీర్పు ముమ్మాటికీ న్యాయమైనదే. జనం ఓటేసి గెలిపించిన మనిషిని పుట్టుక చూపించి పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది? మరో రెండేళ్లకు, 1961లో, పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే రద్దు చేసింది.

ఇప్పుడు ఎంపీల జాబితాలో పార్వతీపురం కోసం వెతికితే దొరకదు. 2008 పునర్విభజనలో ఆ స్థానమే పోయింది. బొబ్బిలి, తెనాలి, భద్రాచలం, సిద్దిపేట, హనుమకొండ, మిర్యాలగూడ కూడా దాంతోపాటే పోయాయి. వాటి బదులు అరకు, విజయనగరం, మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, భువనగిరి, మహబూబాబాద్ వచ్చాయి. ఏడు పోయి ఏడు రావడం కాకతాళీయం కాదు. 2001 జనాభాను బట్టి రాష్ట్రం లోపల గీతలు మార్చవచ్చు గానీ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కున్న 42 సీట్ల లెక్క కదపకూడదని నిబంధన. ఆ లెక్క 1971 జనగణన నాటిది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ దాన్ని స్తంభింపజేసింది, 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. జనాభా అదుపు చేసుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదన్నది ఉద్దేశం. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1967 ఎన్నికలకల్లా ఆంధ్రప్రదేశ్ సీట్లు 43 నుంచి 41కి, మద్రాసు సీట్లు 41 నుంచి 39కి తగ్గాయి.

అరకు లోక్‌సభ స్థానం పటం ఒక్కసారి చూడండి. పాలకొండ దగ్గర మొదలై పార్వతీపురం, సాలూరు, పాడేరు మీదుగా రంపచోడవరం దాకా కొండల వెంట సాగుతుంది. పాత జిల్లాల లెక్కన నాలుగు జిల్లాలు. హైదరాబాద్ శివార్లలోని మల్కాజిగిరిలో 2024 నాటికి 37 లక్షలకు పైగా ఓటర్లుంటే, అరకులో అందులో సగం కూడా లేరు. తలలు మాత్రమే లెక్కపెడితే అరకును ఇంకా సాగదీయాలి. కొండ మీది పల్లె నుంచి ఎంపీ దగ్గరకు వెళ్లడానికి ఎన్ని బస్సులు మారాలో జనాభా పట్టికలో కనిపించదు. అలాగని 37 లక్షల మందికి ఒక్క గొంతు సరిపోతుందనీ అనలేం. అందుకే 2002 నాటి పునర్విభజన చట్టం జనాభాతో పాటు భౌగోళిక పరిస్థితి, రాకపోకల సౌకర్యం, పాలనా సరిహద్దులు కూడా చూడమంది.

పునర్విభజన కమిషన్ ముసాయిదా ప్రకటించాక జనం అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, బహిరంగంగా విచారణ జరుగుతుంది. తుది ఉత్తర్వు వెలువడ్డాక దాన్ని లోక్‌సభ ముందు పెడతారు గానీ, అందులో ఒక్క గీత మార్చే అధికారం సభకు కూడా లేదు.