జోకు అయిపోయింది... జోడీ మిగిలింది!

ఇంజినీరింగ్‌లో నేనూ, నా రూమ్మేటూ కలిసి ఒక స్కిట్ వేసేవాళ్లం. వాడు వైవా తీసుకునే సారు, నేను ఏమీ చదవకుండా వచ్చిన స్టూడెంట్‌ని. "రోల్ నంబర్ చెప్పు" అని వాడు గంభీరంగా అడగడంతో మొదలయ్యేది. నేను దానికి కూడా చాయిస్ అడిగేవాణ్ని. ఫ్రెషర్స్ డేకి వేశాం, యాన్యువల్ డేకి వేశాం, పక్క కాలేజీల ఫెస్టులకి వెళ్లి మరీ వేశాం. మూడేళ్లు అవే డైలాగులు. ప్రతిసారీ హాలు ఊగిపోయేది.

ఫైనలియర్‌లో ఎవరో దాన్ని ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. తర్వాతి ఫెస్టులో మేం స్టేజీ ఎక్కేసరికి, వాడు నోరు తెరవకముందే ముందు వరసలోంచి "రోల్ నంబర్ చెప్పు" అని అరుపులు. నా డైలాగులూ వాళ్లే చెప్పేశారు. సగంలో దిగిపోయాం. మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

మొన్న ఒక రాత్రి ఆఫీసు పని మీద మేలుకుని ఉండాల్సి వచ్చింది. డిప్లాయ్‌మెంట్ అయ్యేదాకా ఏదో ఒకటి చూద్దామని వీడియోలు తిప్పుతుంటే, 1929 నాటి 'ల్యాంబ్ చాప్స్' అనే షార్ట్ ఫిల్మ్ తగిలింది. మొత్తం ఎనిమిది నిమిషాలు. ఒక మొగుడూ పెళ్లాం డ్రాయింగ్ రూమ్ సెట్‌లోకి వస్తారు. ఆవిడ సామాన్ల మధ్య దేనికోసమో వెతుకుతూ ఉంటుంది. ఏం పోయిందని ఆయన అడిగితే, ఆడియన్స్ కోసం వెతుకుతున్నా అంటుంది. ఆయన తాపీగా కెమెరా వైపు చూపిస్తాడు.

నవ్వొచ్చింది. కానీ ఆ జోకు వెనక ఎంత భయం ఉందో తర్వాత చదివితే అర్థమైంది.

ఒక స్కిట్, వంద ఊళ్లు

ఆ ఇద్దరూ జార్జ్ బర్న్స్, గ్రేసీ అలెన్. 'వాడెవిల్' స్టేజీ నుంచి వచ్చినవాళ్లు. 1880ల నుంచి 1930ల మొదటిదాకా అమెరికాలో మామూలు జనానికి పెద్ద వినోదం అదే. ఒకే టికెట్ మీద ఎనిమిదో తొమ్మిదో ఐటమ్‌లు. పాటలు, డాన్సులు, మ్యాజిక్, గారడీ, చెప్పినట్టు ఆడే కుక్కలు, వాటి మధ్యలో కామెడీ జోడీలు. ఒక్కో జోడీకి పదీ పదిహేను నిమిషాలు. ఈ వారం ఈ ఊరు, వచ్చే వారం ఇంకో ఊరు.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ ఊళ్లో పేలిన జోకు పక్క ఊరికి తెలీదు. కాబట్టి ఒక్క మంచి స్కిట్ చేతిలో ఉంటే ఏళ్ల తరబడి బతికేయొచ్చు. రాత్రికో మాట తీసేస్తూ, ఒక మాట కలుపుతూ చెక్కుకుంటూ పోవచ్చు. స్మిత్-డేల్ జోడీ వేసిన డాక్టర్-పేషెంట్ స్కిట్ అలాగే దశాబ్దాల పాటు నడిచింది.

జోడీలో సాధారణంగా ఒకరు సీరియస్‌గా ప్రశ్నలేస్తారు, ఇంకొకరు తలతిక్క జవాబులిస్తారు. 1920ల మొదట్లో బర్న్స్-అలెన్ జత కట్టినప్పుడు జోకులన్నీ బర్న్స్‌వే, గ్రేసీ పని ప్రశ్నలు అడగడమే. తీరా స్టేజీ ఎక్కాక జనం ఆయన జవాబులకి నవ్వలేదు, ఆవిడ ప్రశ్నలకి నవ్వారు. ఇంకొకడైతే అలిగేవాడేమో. బర్న్స్ మాత్రం జోకులన్నీ ఆవిడకిచ్చేసి, ప్రశ్నలు తను తీసుకున్నాడు. 1926లో పెళ్లి చేసుకున్నారు.

నవ్వు వినిపించని కామెడీ

అదే 1926లో వార్నర్ బ్రదర్స్ 'వైటాఫోన్' సినిమాలు మొదలుపెట్టింది. బొమ్మ ఫిల్ము మీద, మాట గ్రామఫోన్ రికార్డు మీద. 16 అంగుళాల రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ, ఒక రీలుకి సరిపడా సుమారు 11 నిమిషాలు నడిచేది. ఫిల్ము ఎక్కడైనా తెగితే పోయిన ఫ్రేములకి బదులు అంతే నల్ల ఫిల్ము అతికించాలి. లేకపోతే అక్కడి నుంచి లిప్‌సింక్ గోవిందా!

ఈ పద్ధతికి వాడెవిల్ జోడీలు బాగా పనికొచ్చారు. కథ అక్కర్లేదు, రిహార్సల్ అక్కర్లేదు, ఉన్న స్కిట్‌నే కెమెరా ముందు వేస్తే చాలు. కానీ మాటలు నేరుగా రికార్డు మీదకే ఎక్కుతాయి, తర్వాత కత్తిరించడం కుదరదు. ఎవరైనా నవ్వినా అదీ రికార్డయిపోతుంది కాబట్టి సెట్‌లో అందరూ నోరు మూసుకోవాల్సిందే.

ఒక్కసారి ఊహించుకోండి. రోజూ వందల మంది నవ్వులు వింటూ, ఆ నవ్వు సద్దుమణిగాక తర్వాతి డైలాగు వదలడం అలవాటైన మనిషి. ఇప్పుడు నిశ్శబ్దంలో నిలబడి, ఎప్పుడో ఎక్కడో ఎవరో నవ్వుతారని లెక్కేసుకుని గ్యాప్ ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే చప్పగా ఉంటుంది, తక్కువ ఇస్తే తర్వాతి జోకు నవ్వుల్లో కొట్టుకుపోతుంది. 1928లో వచ్చిన 'ది బ్యూ బ్రమెల్స్'లో షా-లీ జోడీ ముఖంలో ఏ భావమూ లేకుండా, కెమెరాని చూస్తూ పిచ్చి కబుర్లు చెప్పుకుంటూ పోతారు. ఆ మౌనం వాళ్లకి బాగా కలిసొచ్చింది.

'ల్యాంబ్ చాప్స్'లో నిజానికి ఫ్రెడ్ అలెన్ అనే కమెడియన్ ఉండాలి. ఆయనకి ఒంట్లో బాగోలేకపోవడంతో వీళ్లని పిలిచారు. బర్న్స్ తర్వాత చెప్పుకున్న ప్రకారం, వాళ్ల స్కిట్ వీధి మూల మీద జరిగేది, అక్కడేమో డ్రాయింగ్ రూమ్ సెట్ వేసి ఉంది. ఎదురుగా జనం లేరు. అందుకే ఆ లేని ఆడియన్స్‌నే మొదటి జోకు చేసేశారు. అదీ అనుభవమంటే!

కెమెరా మింగేసింది

స్టేజీ మీద ఏళ్ల తరబడి అన్నం పెట్టిన స్కిట్‌ని కెమెరా ఒక్క పూటలో తీసేసుకుంది. ఆ షార్ట్ దేశమంతా తిరిగాక, అదే స్కిట్ స్టేజీ మీద వేస్తే "చూసేశాంగా" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. థియేటర్ ఓనర్లకేమో అంతమంది కళాకారులకి జీతాలిచ్చేకంటే రీళ్లు తెప్పించుకోవడమే చవక. వాడెవిల్‌కి గుండెకాయ లాంటి న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ కూడా 1932లో సినిమాలకి మారిపోయింది. ఒకే స్కిట్‌ని నమ్ముకున్న ఎన్నో జోడీలకి ఆడే చోటే లేకుండా పోయింది.

మరి బర్న్స్-అలెన్ ఎలా నిలబడ్డారు? వాళ్ల దగ్గర జోకులతో పాటు గ్రేసీ అనే మనిషి ఉంది. ఆవిడ లోకమే వేరు. అక్కడ ఆవిడ లాజిక్ ఆవిడకి కరెక్టే, బర్న్స్‌కి దాన్ని ఓపిగ్గా వినడమే పని. 1932 నుంచి రేడియోలో వారం వారం కొత్త జోకులతో నెగ్గుకొచ్చారు. 1940ల మొదట్లో వినేవాళ్లు తగ్గుతుంటే బర్న్స్‌కి తట్టింది: వయసు మీద పడుతున్నా రేడియోలో ఇంకా ప్రేమికుల్లా సరసాలాడుతున్నారు. వెంటనే కథలోనూ మొగుడూ పెళ్లాలైపోయారు. షో మళ్లీ పుంజుకుంది. 1950 నుంచి 1958 దాకా టీవీలోనూ వాళ్లిద్దరే.

1964లో గ్రేసీ పోయింది. 1975లో వచ్చిన 'ది సన్‌షైన్ బాయ్స్' సినిమాలో, పాత పార్ట్‌నర్‌తో మాటల్లేని ముసలి వాడెవిల్ కమెడియన్‌గా బర్న్స్ నటించాడు. స్మిత్-డేల్ జోడీయే ఆ కథకి ప్రేరణ అంటారు. 80 ఏళ్ల వయసులో దానికి ఆస్కార్ అందుకున్నాడు. 1996లో, నూరేళ్లు నిండాక కన్నుమూశాడు. ఇద్దరి సమాధి మీదా ముందు గ్రేసీ పేరు, తర్వాతే ఆయన పేరు. మొదటి షోలోనే నవ్వెవరిదో గమనించి పక్కకి జరిగినవాడు కదా!

ఇదంతా చదివాక మా రూమ్మేట్ గుర్తొచ్చాడు. స్కిట్ పోయాక మా మాటలూ తగ్గాయి. ఇద్దరివీ వేరే ఊళ్లు, వేరే షిఫ్టులు. బర్త్‌డేలకి ఒక మెసేజ్, అంతే. యూట్యూబ్ మా స్కిట్‌ని చంపేసిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాణ్ని మర్చిపోయింది మాత్రం నేనే.

ఆ రాత్రే 'ల్యాంబ్ చాప్స్' లింకు పంపాను. పొద్దున చూస్తే వీడియో గురించి ఒక్క ముక్క లేదు. ఒకటే రిప్లై:

"రోల్ నంబర్ చెప్పు."